గమ్ గ్రాఫ్ట్ (చిగురుకు అతుకు) అయి మూడో రోజు: అంగిలి నొప్పి, తెల్లబడిన అతుకు, ఇంట్లో జాగ్రత్తల గురించి

రామంతపూర్ టీచర్

అందరికీ నమస్కారం. నా వయసు 46 సంవత్సరాలు. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. కింది దవడలో ముందరి రెండు పళ్ళ దగ్గర చిగురు ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా దిగిపోయి, పంటి వేరు పసుపుపచ్చగా బయటపడింది. చల్లటి నీళ్ళు తగిలితే గవదల దాకా జివ్వుమనేది. మొన్న సోమవారం నాడు అంగిలి నుంచి పలచని కండపొర తీసి, ఆ రెండు పళ్ళ దగ్గర అతికించి కుట్లు వేశారు. మత్తు సూది వల్ల ఆపరేషన్ సమయంలో నాకు ఏమీ తెలియలేదు. ఆసుపత్రిలో జాగ్రత్తలు రాసిన కాగితం ఇచ్చారు కానీ, ఇంటికి వచ్చిన తర్వాత తలెత్తే సందేహాలకు ఆ ఒక్క కాగితం సరిపోవడం లేదు.

ఈరోజు మూడో రోజు. అతుకు వేసిన చోట నొప్పి దాదాపు లేదు. కండ తీసిన అంగిలి మాత్రం వేడి పాలు తాగి కాల్చుకున్నట్టుగా మండుతోంది. నిన్నటి వరకు లేత గులాబీ రంగులో ఉన్న అతుకు ఈ ఉదయానికి, చాలాసేపు నీళ్ళలో నానిన వేలి కొసలాగా తెల్లగా, కొంత బూడిద రంగుగా మారింది. అతుకు చచ్చిపోయిందేమోనని అప్పటి నుంచీ దిగులుగా ఉంది. మా అత్తగారు ఉప్పునీళ్ళు పుక్కిలించమంటున్నారు, మా వారు ప్రతి సాయంత్రం ఫోన్ లైటు వేసి చూస్తానంటున్నారు. ఇద్దరూ నా మీద ప్రేమతోనే చెబుతున్నారు కాబట్టి ఎవరికీ గట్టిగా వద్దని చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు, వైద్యులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.

చిగుళ్ళ వైద్యురాలు

టీచర్ గారూ, ముందుగా మీ దిగులు తగ్గించే మాట చెబుతాను. మీరు వర్ణించిన రంగు మార్పును మూడో రోజున మేము ఎదురు చూస్తూనే ఉంటాము. అంగిలి పైపొరతో సహా తీసి అతికించే పద్ధతిలో, ఆ ముక్కకు దాని పాత రక్తనాళాలతో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. మొదటి మూడు రోజులు అది కింద ఉన్న పచ్చి గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. రెండు మూడు రోజుల నుంచి కింది కండలోని సన్నని రక్తనాళాలు మెల్లగా దానిలోకి పాకడం మొదలుపెడతాయి. దాదాపు 11వ రోజుకు రక్తప్రసరణ కుదురుకుంటుంది. ఈ మధ్యకాలంలో ఆహారం చాలక పైపొర తెల్లబడి, పొరలు పొరలుగా రాలిపోతుంది. దాని కింద నుంచి కొత్త పొర ఎర్రగా, తర్వాత గులాబీ రంగులో బయటపడుతుంది. మీరు చూస్తున్నది ఆ రాలిపోయే పైపొర కావచ్చు. నేరుగా చూడకుండా నిర్ధారణ చేయడం నా పద్ధతి కాదు కాబట్టి, మీకు ఆపరేషన్ చేసినవారికి ఒకసారి ఫోన్ చేసి రంగు గురించి చెప్పండి.

పైన చెప్పిన దానిలోనే మీ మిగతా ప్రశ్నలకు కూడా జవాబు ఉంది. వెంట్రుకకన్నా సన్నని ఆ రక్తనాళాలు అతుకులోకి పాకాలంటే అతుకు, దాని కింది కండ ఒకదాని మీద ఒకటి ఆవగింజంత కూడా కదలకుండా ఉండాలి. పెదవిని కిందికి లాగి చూసిన ప్రతిసారీ లోపలి కండ బిగుసుకుని అతుకు అంచును పైకి లేపుతుంది. అందువల్ల మీ వారి ఫోన్ లైటు ఈ రెండు వారాలూ అవసరం లేదు. గట్టిగా పుక్కిలించడం, ఉమ్మివేయడం, స్ట్రాతో తాగడం కూడా ఇదే కారణంగా వద్దంటాము. నోటిలో ఏర్పడే ఒత్తిడికి రక్తపు గడ్డ ఊడి, మళ్ళీ రక్తం కారడం మొదలవుతుంది.

మీకు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసి ఉంటారు. పది మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని, బుగ్గలు కదిలించకుండా తలను అటూ ఇటూ వంచండి. నిమిషం తర్వాత సింకు మీదికి వంగి నోరు తెరిస్తే అది దానంతట అదే కారిపోతుంది. మిగతా పళ్ళు పేస్టుతో తోముకున్నాక కనీసం అరగంట ఆగి ఈ మందు వాడండి. పేస్టులోని నురగ వచ్చే పదార్థం దీని పనిని దెబ్బతీస్తుంది. కొన్ని రోజులకు నాలుక మీద, పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనిపించవచ్చు, కూరలకు రుచి తెలియకపోవచ్చు. మందు ఆపిన తర్వాత రుచి తిరిగి వస్తుంది, మచ్చలను క్లినిక్‌లో శుభ్రం చేస్తారు. మందు వేసుకున్న వెంటనే టీ, కాఫీ తాగితే మచ్చలు ఎక్కువవుతాయి.

అంగిలి విషయానికి వస్తే, అతుకుకన్నా అంగిలే ఎక్కువగా నొప్పి పెట్టడం సహజం. అతుకు కింది గాయాన్ని కప్పి, చుట్టూ కుట్లతో ఉంటుంది, అంగిలి మీద గాయం తెరిచి ఉంటుంది. మోకాలు దోక్కుపోయినప్పుడు చర్మం ఎలా మానుతుందో అంగిలి కూడా అలాగే అంచుల నుంచి మధ్యకు మూసుకుంటూ వస్తుంది. దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రెండు మూడు రోజుల్లో దాని మీద తెల్లని, పసుపుపచ్చని పొర ఏర్పడుతుంది. చాలామంది దాన్ని చీము అనుకుని దూదితో తుడిచేస్తారు. దయచేసి దాన్ని ముట్టుకోకండి.

మలక్‌పేట వాసి

నేను రెండేళ్ళ క్రితం పై దవడ కోరపన్ను దగ్గర ఇదే చేయించుకున్నాను. డాక్టరమ్మ గారు చెప్పిన మాటకు నా అనుభవం సాక్ష్యంగా చెబుతాను. నాకు ఐదో రోజున అద్దంలో చూసుకోవాలన్న కోరిక ఆగలేదు. బొటనవేలితో పై పెదవిని ముక్కు వైపు ఎత్తి, మరో చేత్తో బల్బు పట్టుకుని, నాకు తెలియకుండానే రెండు మూడు నిమిషాలు అలాగే చూశాను. పైన ఒక కుట్టు దగ్గర చిన్న పిన్నుతో గుచ్చినట్టు అనిపించింది, అప్పుడు పట్టించుకోలేదు. మరునాటికి అతుకు పై అంచు ఆకు కొసలాగా లేచి ఉంది. అందులో మూడో వంతు అతుక్కోలేదు. ఆ భాగంలో వేరు ఇప్పటికీ కనబడుతూనే ఉంటుంది. ఆపరేషన్ చేసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు. ఇది చదువుతున్నవారు ఎవరూ అలా చేయకూడదని మనసారా కోరుకుంటూ రాస్తున్నాను.

ఇంకో సంగతి, హైదరాబాద్‌లో బండి నడిపేవారికి మాత్రమే తెలిసేది. నేను నాలుగో రోజు నుంచే బండి మీద ఆఫీసుకు వెళ్ళాను. ముఖమంతా కప్పే హెల్మెట్ లోపలి మెత్త బుగ్గలను పళ్ళ మీదికి నొక్కుతుంది, గుంత వచ్చినప్పుడల్లా పై పళ్ళు, కింది పళ్ళు ఒకదానికొకటి గట్టిగా తగులుతాయి. మీకు కింది ముందు పళ్ళు కాబట్టి హెల్మెట్ పట్టీ గడ్డం మీద వచ్చే చోటు కూడా చూసుకోవాలి. వీలైతే కొన్ని రోజులు మెట్రోలోనో, ఇంట్లో వారు నడిపే కారులోనో వెళ్ళండి.

నల్లకుంట విశ్రాంత ఉద్యోగి

అమ్మా టీచర్ గారూ, నాకు 71 సంవత్సరాలు. మా తరంలో పంటి నొప్పికి లవంగ నూనె, చిగురు వాస్తే పసుపూ ఉప్పూ కలిపి రాయడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం తప్ప వేరే మందు ఎరుగము. మా నాన్నగారికి చివరి వరకు పళ్ళు ఊడలేదు. మీ అత్తగారు చెప్పిన దానిని పూర్తిగా కొట్టిపారేయవద్దని నా మనవి. లవంగ నూనె ఒక చుక్క దూదిమీద వేసి అంగిలికి అద్దితే మంట తగ్గుతుంది కదా, అందులో తప్పేమిటో డాక్టరమ్మ గారు చెప్పాలి.

చిగుళ్ళ వైద్యురాలు

పెద్దవారు అడిగారు కాబట్టి వివరంగా చెప్పడం నా బాధ్యత. లవంగ నూనెలో యూజినాల్ అనే పదార్థం ఉంటుంది, అది నరాలను మొద్దుబార్చడం నిజమే. పుచ్చిపోయిన పంటి గుంటలో పంటి డాక్టర్లు కూడా దాన్ని జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడతారు. అయితే పైచర్మం లేని పచ్చి గాయం మీద పలుచన చేయని నూనె వేస్తే కణాలు కాలిపోతాయి, మానవలసిన గాయం మరింత లోతవుతుంది. పసుపు పొడిలో రేణువులు ఉంటాయి. అవి కుట్ల మధ్య ఇరుక్కుంటే తీయడానికి వీలుకాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, రాయడానికి వేలు లోపలికి వెళ్ళాలి, ఆ వేలే అతుకును కదిలిస్తుంది.

టీచర్ గారూ, ఉప్పునీళ్ళ విషయంలో మీ అత్తగారు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. మొదటి 24 గంటలు ఏ నీళ్ళూ పుక్కిలించకూడదు. ఆ తర్వాత మీ డాక్టర్ సరేనంటే, గోరువెచ్చని గ్లాసు నీళ్ళలో అరచెంచా ఉప్పు కరిగించి, మౌత్‌వాష్ గురించి చెప్పిన పద్ధతిలోనే నోట్లో నిలిపి కారనివ్వవచ్చు. పుక్కిలించే శబ్దం రాకూడదు, అదే గుర్తు.

కూకట్‌పల్లి అమ్మ

మా మామగారికి గత ఏడాది ఇదే ఆపరేషన్ జరిగినప్పుడు నేనే దగ్గరుండి చూసుకున్నాను. ఆయనకు చక్కెర వ్యాధి ఉంది, కాబట్టి ఆపరేషన్‌కు ముందే మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించి, అది అదుపులోకి వచ్చాకే తేదీ ఇచ్చారు. తిండి గురించి నాకు తెలిసింది చెబుతాను, ఎందుకంటే మందులన్నీ కాగితం మీద రాసి ఉంటాయి, మన వంటింట్లో ఏది పనికివస్తుందో మాత్రం ఎవరూ రాయరు.

మొదటి రెండు రోజులు చల్లగానో, గది వేడిమిలోనో ఉండేవి మాత్రమే పెట్టాను. రాగి జావ కాచి, వడగట్టి, పూర్తిగా చల్లారాక మజ్జిగ కలిపి చెంచాతో ఇచ్చాను. గ్లాసుతో తాగితే కింది పెదవి అంచు కుట్లకు తగులుతుందని ఆయనే అన్నారు. మూడో రోజు నుంచి పెరుగన్నం. బియ్యాన్ని మామూలుకన్నా రెండింతలు నీళ్ళు పోసి వండి, వేడిగా ఉండగానే పప్పు గుత్తితో మెదిపి, చల్లారాక పాలు, తోడుపెరుగు కలిపి, మెతుకు చేతికి తెలియనంత మెత్తగా చేశాను. పోపు వేయలేదు. ఆవాలు, మిరియాలు, కరివేపాకు ఈనెలు కుట్ల సందుల్లో చేరితే మళ్ళీ బయటికి రావు. అందుకే చారు పెట్టినా పోపు లేకుండా వడకట్టి, చింతపండు చాలా తగ్గించి పెట్టాను. ఇడ్లీని పాలలో నానబెట్టి ముద్ద చేసి ఇవ్వవచ్చు. ముద్దపప్పు, బాగా పండిన అరటిపండు, గింజలు తీసిన సపోటా, బొప్పాయి, మెత్తగా ఉడికించిన గుడ్డు, ఉడికించి మెదిపిన బంగాళాదుంప, ఆనపకాయ ఇవన్నీ బాగానే తిన్నారు. జామకాయ, నువ్వుండలు, జంతికలు, చేగోడీలు, ఆవకాయ, రొట్టె అంచులు మూడు వారాలు ఇంట్లో ఆయన కళ్ళ ముందుకు రానివ్వలేదు. ఇరానీ చాయ్ ఆయనకు ప్రాణం. దాన్ని కూడా పది రోజులు మానిపించి, తర్వాత చల్లార్చి ఇచ్చాను. ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచినా పొడి పొడిగా విడిపోతుంది కాబట్టి దానికి ఇంకో వారం ఆగవలసి వచ్చింది.

నమలడం ఎప్పుడూ అతుకు లేని వైపు వెనుక పళ్ళతో. తిన్న ప్రతిసారీ రెండు గుటకల నీళ్ళు నోట్లో తిప్పకుండా మింగమన్నాను. చక్కెర వ్యాధి ఉన్నవారు జావ తాగాము కదా అని పూట తప్పించకూడదు. మందు వేసుకుని ఆకలితో ఉంటే చక్కెర పడిపోతుంది.

రామంతపూర్ టీచర్

మీ అందరి మాటలూ మా అత్తగారికి చదివి వినిపించాను. లవంగ నూనె సీసా ఆవిడే తీసి పైన అలమరలో పెట్టారు. ఉదయం ఆసుపత్రికి ఫోన్ చేశాను. రంగు సరిగానే ఉందనీ, శనివారం ఒకసారి వచ్చి చూపించమనీ అన్నారు.

అయితే నిన్న రాత్రి ఒక సంఘటన జరిగింది. ఒంటి గంటకు మెలకువ వచ్చేసరికి నోరంతా ఉప్పగా ఉంది, దిండు గలీబు మీద అరచేతి వెడల్పున ఎర్రటి మరక ఉంది. చేతులు వణికాయి. మా వారు ఇచ్చిన గాజుగుడ్డను నీళ్ళలో తడిపి, నాలుగు మడతలు పెట్టి, అంగిలి గాయం మీద వేలితో అదిమి పట్టుకుని మంచం మీద కూర్చున్నాను. గోడ గడియారం చూస్తూ ఇరవై నిమిషాలు కదలలేదు. మధ్యలో రెండుసార్లు ఆగిందేమో తీసి చూద్దామా అనిపించింది, చూడలేదు. తీసేసరికి గుడ్డ మీద పలచని గులాబీ చారలు తప్ప ఏమీ లేవు. మరక అంత పెద్దదిగా కనిపించడానికి కారణం లాలాజలమేనని ఉదయం అర్థమైంది. రాత్రి భోజనంలో అన్నం కొంచెం వేడిగా తిన్నాను, ఆ తర్వాత తల కింద ఒక్క దిండే పెట్టుకున్నాను. ఈ రెండూ కారణాలేనా?

చిగుళ్ళ వైద్యురాలు

రెండూ కావచ్చు. వేడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, తల పల్లంగా ఉంటే ముఖానికి రక్తపు ఒత్తిడి పెరుగుతుంది. వారం రోజుల పాటు రెండు దిండ్లు పెట్టుకోండి. మీరు చేసిన పని చాలా సరైనది. అందరికీ చెప్పవలసిన మాట ఏమిటంటే, ప్రతి నిమిషానికీ గుడ్డ తీసి చూస్తే అప్పుడే ఏర్పడుతున్న గడ్డ గుడ్డతోపాటు ఊడిపోతుంది. గాజుగుడ్డ అందుబాటులో లేకపోతే టీ బ్యాగును వేడి నీళ్ళలో ముంచి, పూర్తిగా చల్లార్చి, పిండి, అంగిలి మీద అదిమి పెట్టవచ్చు. టీలోని టానిన్ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. అదిమేది అంగిలిని మాత్రమే, అతుకును కాదు. రెండుసార్లు ఇరవై నిమిషాలు అదిమినా ధారగా కారుతూనే ఉంటే రాత్రి అని మొహమాటపడకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి, దొరకకపోతే అత్యవసర విభాగానికి వెళ్ళాలి.

నొప్పికి సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకూడదు, అది రక్తాన్ని పలుచన చేస్తుంది. అలాగని గుండె జబ్బుకు రోజూ ఆస్పిరిన్ వాడుతున్నవారు ఎవరికి వారే ఆపేయడం ఇంకా ప్రమాదకరం. ఆ నిర్ణయం గుండె వైద్యులు, పంటి వైద్యులు మాట్లాడుకుని తీసుకోవాలి. మంచు ముక్కలను గుడ్డలో చుట్టి బుగ్గ బయటి నుంచి పదిహేను నిమిషాలు పెట్టి, పదిహేను నిమిషాలు తీసేయడం మొదటి రెండు రోజులకే ఉపయోగం. వాపు రెండు మూడు రోజుల్లో పతాక స్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గాలి. నాలుగో రోజు తర్వాత వాపు, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో చీము కారినా వెంటనే చూపించుకోవాలి.

ఉప్పల్ యువకుడు

నాకు వచ్చే నెలలో ఈ ఆపరేషన్ ఉంది. రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతాను. రెండు రోజులు ఆపితే చాలా? ప్రైవేటులో ఖర్చు భరించలేనివారికి వేరే దారి ఉందా?

చిగుళ్ళ వైద్యురాలు

చాలదు తమ్ముడూ. నికోటిన్ సన్నని రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అతుకు బతకవలసింది ఆ రక్తనాళాల మీదనే. అతుకులు విఫలమయ్యే కారణాల్లో పొగ తాగడం ముందు వరుసలో ఉంటుంది. ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే ఆపి, తర్వాత కూడా కొన్ని వారాలు ముట్టకపోతే మంచి ఫలితం ఆశించవచ్చు. గుట్కా, ఖైనీలకూ ఇదే వర్తిస్తుంది. అవి నేరుగా చిగురు మీదే కూర్చుంటాయి. ఖర్చు విషయానికి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో చిగుళ్ళ విభాగం ఉంది. అక్కడ ఓపీలో చూపించుకుని అడగండి.

రామంతపూర్ టీచర్

ఈరోజు పదిహేనో రోజు. ఉదయం కుట్లు తీశారు. నల్లని దారపు ముక్కలు ఆరు, కత్తెర కొసతో ఒక్కొక్కటి కత్తిరించి పట్టకారుతో లాగినప్పుడు చీమ కుట్టినంత మాత్రమే తెలిసింది. ఆ తర్వాత డాక్టర్ గారే చిన్న అద్దం పట్టి చూపించారు. తెల్లని పొర పూర్తిగా పోయింది. పక్క చిగురుకన్నా కొంచెం ముదురు గులాబీ రంగులో, అతుకు వేసిన బట్టలాగా అంచులు తెలుస్తూ ఉంది. రంగు కలవడానికి నెలలు పట్టవచ్చనీ, పూర్తిగా కలవకపోనూవచ్చనీ చెప్పారు. నాకు రంగు గురించి చింత లేదు. అంగిలి మీద నాలుక తిప్పితే ఇంకా కాస్త గరుకుగా తగులుతోంది కానీ, మంట లేదు.

పదో రోజు నుంచి బడికి వెళుతున్నాను. పెద్దగా మాట్లాడితే కింది పెదవి లాగుతుందని మొదట్లో పాఠాన్ని పిల్లల చేతనే వంతులవారీగా చదివించాను. వెనుక బెంచీ పిల్లవాడు ఒకడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, కాకతీయుల చెరువుల పాఠం తడబడకుండా చదివాడు.

ఒక్క సందేహం మిగిలింది. నాకు చిగురు దిగిపోవడానికి కారణం గట్టి కుంచె బ్రష్షుతో చిన్నప్పటి నుంచి అడ్డంగా రుద్దడమేనని డాక్టర్ గారు అన్నారు. ఇక మీదట ఎలా తోముకోవాలి?

చిగుళ్ళ వైద్యురాలు

చాలా సంతోషం టీచర్ గారూ. మీ డాక్టర్ అనుమతించిన రోజు నుంచి, సాధారణంగా మూడో వారం తర్వాత, అత్యంత మెత్తని కుంచెలు ఉన్న చిన్న తల బ్రష్షు తీసుకోండి. బ్రష్షును పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకుంటే బలం దానంతట అదే తగ్గుతుంది. కింది పళ్ళకు చిగురు మీద కుంచెలను ఆనించి, అక్కడి నుంచి పంటి కొస వైపు, అంటే కింది నుంచి పైకి, ఒక్కొక్క చోట ఐదారుసార్లు దొర్లించండి. పై పళ్ళకు పై నుంచి కిందికి. అడ్డంగా రుద్దడం మానేయండి. బొగ్గు పొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడులు, వేపపుల్ల నమిలి రుద్దడం మీ చిగురుకు పనికిరావు. బ్రష్షు కుంచెలు నెల తిరగకుండానే పక్కలకు విచ్చుకుంటే మీరు ఇంకా గట్టిగానే రుద్దుతున్నారని అర్థం.

మరొక మంచి విషయం. కొందరిలో అతుకు కుదురుకున్న తర్వాత వచ్చే ఏడాది కాలంలో చిగురు అంచు పంటి మీదికి ఒక మిల్లీమీటరు వరకు తనంతట తానే పాకుతుంది. అది అందరిలో జరుగుతుందని మాట ఇవ్వలేను. ఆరు వారాలకు, ఆరు నెలలకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు కొలత రాయించుకోండి.

నల్లకుంట విశ్రాంత ఉద్యోగి

డాక్టరమ్మ గారూ, మీరు చెప్పింది చదివి నా బ్రష్షు తీసి చూశాను. కొని మూడు వారాలు, కుంచెలన్నీ పక్కలకు వంగి ఉన్నాయి. నా కింది పళ్ళ దగ్గర కూడా వేర్లు కనబడుతున్నాయని మా కోడలు ఎప్పటి నుంచో అంటోంది. రేపు ఉదయం ఓపీకి వెళుతున్నాను.

రామంతపూర్ టీచర్

తప్పక వెళ్ళండి బాబాయి గారూ. ఏమన్నారో ఇక్కడ రాయండి, మా అత్తగారు కూడా అడుగుతున్నారు.